పగడాల పిలుపు

మా వైపు పిలుపులు రెండు రకాలు. ఒకటి నిజంగా పిలిచేది, ఇంకోటి మాటవరసకు పిలిచేది. అన్నం తింటున్నవాడు వాకిట్లో మనిషి కనబడితే "రా, తిందాం" అంటాడు. వాకిట్లో మనిషి "ఇప్పుడే తినొచ్చినాలే" అంటాడు. ఇద్దరూ చెప్పేది అబద్ధమే, ఇద్దరి మర్యాదా నిలబడుతుంది. ఈపాటి లౌక్యం చిన్నపిల్లలకు కూడా తెలుసు. సోమశిల హుసేనయ్యకు తెలియలేదు. దాంతో ఉదయగిరిలో ఆదినారాయణ ఇంట ఆ నెల ఎవరికీ అన్నం సయించలేదు.

ఆదినారాయణ పెద్ద రైతు. ఒకసారి మండల పరిషత్తుకు గెలిచాడు, మరోసారి ఓడాడు. నడక మాత్రం గెలిచినప్పటిదే ఉంచుకున్నాడు. భార్య సుబ్బరత్నమ్మ. ఒక్కతే కూతురు చైత్ర, హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. ఆ పిల్లకు పగడాల పిచ్చి పట్టింది.

పగడమంటే ఉదయగిరిలో ఉంగరంలో పెట్టుకునే ఎర్ర రాయి. కుజుడి కోసం ఆదినారాయణ వేలికీ ఒకటుంది. అది రాయి కాదని, సముద్రం అడుగున ప్రాణమున్న జీవులు కట్టుకున్న ఇల్లని, అండమాన్ దగ్గర అలాంటివి ఊళ్ళకు ఊళ్ళు ఉన్నాయని చైత్ర ఫోనులో వీడియోలు చూపించింది.

"అంటే నా వేలికుండేది పీనుగా?" అన్నాడు ఆదినారాయణ.

"ఎముక అనుకో నాన్నా."

ఆ పూట ఆయన ఉంగరం తీసి పక్కన పెట్టి అన్నం తిన్నాడు.

ముగ్గురూ అండమాన్ పోవడానికి నిశ్చయమైంది. చెన్నై దాకా కారు, అక్కడి నుంచి విమానం. ముఖానికి అద్దాల మాస్కు, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ళ మీద బోర్లా తేలితే కింద పగడాలు కనబడతాయి. ఈత రానివాళ్ళకు లైఫ్ జాకెట్ ఇస్తారు. మరీ భయస్థులకు అడుగున అద్దం వేసిన పడవ ఉంది. సుబ్బరత్నమ్మ అద్దం పడవకే ఓటు వేసింది గానీ కూతురు పట్టు వదల్లేదు. నీళ్ళలో దిగాలంటే చీర పనికిరాదు, చుడీదార్ కావాలి. పుట్టి బుద్ధెరిగాక సుబ్బరత్నమ్మ చుడీదార్ వేసుకున్నది లేదు. ఉదయగిరిలో కుట్టిస్తే సాయంత్రానికల్లా వీధంతా తెలుస్తుంది. అందుకని ఆత్మకూరు బస్టాండు దగ్గర మిషను కుట్టే ఆదిశేషమ్మకు గుట్టుగా కొలతలిచ్చి వచ్చింది.

సముద్రంలో దిగేముందు మన నీళ్ళలో అలవాటు చేసుకుంటానని చైత్ర ఒక ఆదివారం సోమశిల రిజర్వాయరుకు బయలుదేరింది. తల్లీ తండ్రీ ఒడ్డున కూర్చున్నారు. పిల్ల మాస్కు పెట్టుకుని బోర్లా తేలుతూ పోయింది. పెన్నా నీళ్ళలో ఏం కనబడుతుంది, మట్టి తప్ప. ఏదైనా కనబడుతుందేమోనని ఇంకాస్త ముందుకు పోయింది. వల ఒకటి కాలికి చుట్టుకుంది. విదిలించే కొద్దీ బిగుసుకుంది. ఆదినారాయణ చూస్తుండగానే కూతురి తల నీళ్ళ కిందికి పోయింది.

ఆయనకు ఈత రాదు. సుబ్బరత్నమ్మ గుండెలు బాదుకుంటూ కేకలు పెట్టింది. దూరంగా పుట్టిలో, గుండ్రటి బుట్ట పడవలో, చేపలు పడుతున్న మనిషి ఆ కేకలు విని దూకాడు. ఆ మురికి నీళ్ళలో తడుముకుంటూ పోయి, తన వలను తానే కత్తితో తెగ్గోసి, పిల్లను ఒడ్డుకు ఈడ్చుకొచ్చాడు. ఆ మనిషే హుసేనయ్య. రిజర్వాయరు పక్కన యానాదుల కాలనీలో ఉంటాడు.

చైత్ర నీళ్ళు కక్కి కళ్ళు తెరిచింది. ఒడ్డున కాలనీకి కాలనీ గుమిగూడింది. ఆదినారాయణ ఏడ్చాడు, హుసేనయ్య తడి చేతులు పట్టుకున్నాడు. ఎప్పుడూ ఆ కాలనీ మనుషులను "ఒరే" అని తప్ప పిలవని నోటితో "హుసేనయ్యా, నువ్వు మనిషివి కాదు, దేవుడివి" అన్నాడు. అంతమంది తన వైపే చూస్తున్నారు. పెద్దమనిషన్నాక పెద్దగా ఏదో ఒకటి అనాలి. అన్నాడు.

"మేం అండమాన్ పోతా ఉండాం, సముద్రంలో పగడాలు చూసేదానికి. నిన్ను కూడా తీసుకపోతాం. విమానంలో. ఇది నా మాట."

చప్పట్లు పడ్డాయి. ఇప్పుడు హుసేనయ్య అనవలసింది ఒక్కటే మాట: "నాకెందుకులే సామీ, మీ చల్లని చూపుంటే చాలు." అంటే అక్కడికి సరిపోయేది.

హుసేనయ్య ముఖం తుడుచుకుని, "ఎప్పుడయ్యా?" అన్నాడు.

* * *

వారం తిరక్కుండానే ఉదయగిరిలో దిగాడు. చేతిలో తడి గోనెసంచి, సంచిలో పెద్ద బొచ్చె చేప. చైత్ర సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. "మామా" అంటూ ఎదురుపోయింది. ఆ వరస విని సుబ్బరత్నమ్మ ముఖం ముడుచుకుంది గానీ, కూతురిని బతికించిన మనిషి కదా, ఏమీ అనలేకపోయింది. అన్నం పెట్టింది. అరుగు మీద, విస్తట్లో పెట్టింది. చైత్ర తన కంచం తెచ్చుకుని ఆయన పక్కనే కూర్చుంది.

హుసేనయ్య గొప్పలు పోయే మనిషి. అప్పటికే కాలనీలో అందరికీ చెప్పేశాడు. అందరూ తనను అండమాన్ హుసేనయ్య అంటున్నారని తానే చెప్పి తానే నవ్వాడు. అడగవలసినవి చాలా ఉన్నాయి ఆయనకు.

"విమానంలో చుట్ట తాగనిస్తారా పాపా?"

"తాగనీరు మామా."

"ఆ నీళ్ళలో చేపలు పట్టొచ్చునా?"

"పట్టకూడదు. పగడాలను తాకను కూడా తాకకూడదు. చూసి రావాలంతే."

"పట్టకుండా తాకకుండా నీళ్ళలో దిగేదేంది?" అని పకపకా నవ్వాడు. తర్వాత చైత్ర వీడియో పెట్టింది. నవ్వు ఆపేశాడు. ఫోను రెండు చేతులతో పట్టుకుని దగ్గరగా చూశాడు. నీలం నీళ్ళు, కింద ఎర్రవి, పసుపువి, కొమ్మలు కొమ్మలుగా పగడాలు, వాటి సందుల్లో చారల చేపలు.

"నీళ్ళ అడుగు ఇట్ల కనబడతాదా?"

"ఇంకా బాగా కనబడతాది."

"పుట్టినకాడి నుంచి నీళ్ళలోనే ఉండాను. నా చెయ్యే నాకు కనబడింది లేదు. మా పాత ఊరు ఆ రిజర్వాయరు అడుగునే ఉండాది పాపా. వలకు ఏదన్నా తగిలిందంటే ఎవరింటి గోడో అనుకుంటా. ఒక్కసారన్నా నీళ్ళ అడుగు కళ్ళతో చూడాలని ఉండాది."

లోపల వాలుకుర్చీలో ఉన్న ఆదినారాయణ ఈ మాటలు విన్నాడు. ఆయనకు బాగా అనిపించలేదు. ఇంత ఆశ పెట్టుకున్నవాడిని తప్పించడం కష్టమని అప్పుడే అర్థమైంది. తప్పించాలని తాను ఎప్పుడు అనుకున్నాడో మాత్రం ఆయనకే తెలియదు.

హుసేనయ్య ఆధార్ కార్డులో 'స్త్రీ' అని తప్పు పడి ఉంది. చైత్ర నవ్వి, అది మార్పించుకోకపోతే విమానం ఎక్కనివ్వరని చెప్పింది. మార్పిస్తానని చెప్పి, విస్తరి తానే తీసి పారేసి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం సుబ్బరత్నమ్మ మొగుడిని నిలేసింది.

"ఏమయ్యా, నిజంగానే తీసుకపోతా ఉండావా?"

"మాటవరసకన్నానే. వాడు పట్టుకుంటాడని నేను కలగన్నానా?"

"హోటల్లో మన టేబుల్ కాడ కూర్చోని తింటాడా? నీళ్ళలో నేను ఆ గుడ్డలేసుకోని దిగితే వాడు చూస్తా ఉంటాడా? పాప ఫొటోలు తీసి ఫోనులో పెడతాది, మనోళ్ళంతా చూస్తారు. నేను రాను. మీరే పోండి."

ఆదినారాయణ కసిరాడు గానీ, ఆయన మనసులో ఉన్నదీ అదే. విమానంలో పక్కపక్క సీట్లు. పక్కన హుసేనయ్య. ఎక్కిదిగేవాళ్ళలో నెల్లూరువాళ్ళు ఒకరిద్దరుండరా? 'ఎవరండీ ఈయన?' అని అడిగితే ఏం చెప్పాలి? ఆ ఆలోచనకు ఆయనకే సిగ్గేసింది. కన్నకూతురి ప్రాణం తెచ్చి చేతిలో పెట్టినవాడు పక్కన కూర్చుంటే పరువు పోతుందా? పోతుందనే అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకు కోపం వచ్చింది. ఆ కోపం తన మీద ఎంతోసేపు నిలవలేదు, మెల్లగా హుసేనయ్య మీదికి మళ్ళింది. పిలిస్తే మాత్రం వచ్చేయడమేనా, ఆమాత్రం ఇంగితం ఉండక్కర్లా అనుకున్నాడు.

చైత్ర హైదరాబాదు వెళ్ళాక హుసేనయ్య మళ్ళీ వచ్చాడు, ఈసారి కొర్రమీను పట్టుకుని. ఆదినారాయణ అరుగు మీదికి వచ్చి నిలబడ్డాడు, కూర్చోమనలేదు.

"ఒరే హుసేనయ్యా, అండమాన్ దగ్గర తుఫానంటరా. ప్రయాణం మానుకున్నాం."

హుసేనయ్య చేపను అరుగు మీద పెట్టాడు. తర్వాత, "పాప బాధపడతా ఉండాదా అయ్యా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు ఆదినారాయణ సిద్ధపడి లేడు. "ఆ, బాధగానే ఉండాది" అన్నాడు.

"బాధపడొద్దని చెప్పండి. సముద్రం యాడికి పోతాది? వచ్చే ఏడు పోదాం."

"పోదాంలేరా."

"నన్ను మర్చిపోరు గదా?"

"మాటిచ్చినాను గదరా" అన్నాడు ఆదినారాయణ. చేప తీసుకున్నాడు. ఆ కూర ఆయన ముట్టలేదు. సుబ్బరత్నమ్మ కూడా ముట్టలేదు. పనిమనిషికి ఇచ్చేశారు.

కూతురికి ఫోను చేసి వేరే సంగతి చెప్పాడు. హుసేనయ్యకు చెవిపోటని, నీళ్ళలో దిగొద్దని డాక్టరు చెప్పాడని, ఎంత పిలిచినా రానంటున్నాడని. చైత్ర తానే మాట్లాడతానంది. హుసేనయ్య ఫోను నీళ్ళలో పడి పాడైపోయిందన్నాడు. అది మాత్రం నిజమే.

* * *

బయలుదేరే రోజు కారులో నలుగురు: తల్లి, తండ్రి, కూతురు, డ్రైవరు యేసుబాబు. విమానం మర్నాడు పొద్దున. రాత్రికి చెన్నైలో చుట్టాలింట్లో పడుకోవాలి. ఆత్మకూరులో ఆగక తప్పలేదు, సుబ్బరత్నమ్మ గుడ్డలు ఆదిశేషమ్మ దగ్గరే ఉన్నాయి మరి.

సుబ్బరత్నమ్మ కొట్లోకి పోయి వేసుకుని చూసింది. చేతులు బిగుతన్నది, పక్కలు వదులు చేయమంది. మిషను టకటకలాడుతూ ఉంది. ఆదినారాయణ కారు దిగి ఒళ్ళు విరుచుకున్నాడు. చైత్ర రోడ్డు అవతల టీకొట్టు వైపు చూసి, "మామా!" అని కేకేసింది.

టీకొట్టు ముందు హుసేనయ్య, ఆయన భార్య వెంగమ్మ, కాలనీవాళ్ళు ఇంకో ముగ్గురు నిలబడి ఉన్నారు. హుసేనయ్య చేతిలో టీ గ్లాసు, చంకలో ప్లాస్టిక్ కవరు. ఆధార్ మార్పించుకోవడానికి వచ్చారు, వచ్చే ఏటి ప్రయాణానికి.

చైత్ర అప్పటికే రోడ్డు దాటింది. ఆదినారాయణ కూడా దాటక తప్పలేదు.

"చెవిపోటు తగ్గిందా మామా? నీ కోసం మాస్కు కూడా కొన్నా. ఎందుకు రానన్నావు?"

హుసేనయ్య ఆ పిల్ల ముఖం చూశాడు. కారు మీద కట్టిన పెట్టెలు చూశాడు. వెనకాల వస్తున్న ఆదినారాయణను చూశాడు. ఆదినారాయణ చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"చెవిపోటేంది?" అంది వెంగమ్మ. "ఈయనకు చెవిపోటు ఎప్పుడు..."

"నువ్వు నోర్మూసుకో" అన్నాడు హుసేనయ్య, గొంతు పెంచకుండా. చైత్ర వైపు తిరిగి, "తగ్గలేదు పాపా" అన్నాడు.

పక్కనున్న కాలనీ మనిషి ఓబులయ్యకు ఇది అర్థం కాలేదు. "అదేంది మామా? తుఫానొచ్చి ప్రయాణమే ఆగిపోయిందని నువ్వే గదా మాకు చెప్పినావు?"

హుసేనయ్య టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. చేతులు పంచెకు తుడుచుకుని నవ్వాడు. ఆ నవ్వు చూడలేక ఆదినారాయణ నేల చూపులు చూశాడు.

"తుఫానూ లేదు ఏం లేదురా. విమానమంటే నాకు భయమేసింది. మీరంతా నవ్వుతారని అట్ల చెప్పినా. పాపకు చెవిపోటని చెప్పిచ్చినా. పెద్దయ్య మాట తప్పే మనిషి కాదు. ఆయన రమ్మనే అన్నాడు. నేనే పోలా."

ఓబులయ్య పగలబడి నవ్వాడు. "అండమాన్ హుసేనయ్యకు భయమంట్రోయ్!" మిగతావాళ్ళూ నవ్వారు. టీకొట్టతను కూడా నవ్వాడు. "అండమాన్ నుంచి మొసలిని పట్టుకొస్తానంటివే మామా, గాలి మోటారుకు భయపడితివా?" అన్నాడొకడు. హుసేనయ్య కూడా వాళ్ళతో కలిసి తల ఊపుతూ నవ్వాడు. వెంగమ్మ నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆదినారాయణ వైపే చూస్తూ నిలబడింది.

"నిజమేనా అయ్యా?" అని ఓబులయ్య ఆదినారాయణను అడిగాడు. "ఇంత పిరికోడా మా మామ?"

కాదని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. చుట్టూ మనుషులు, ఆత్మకూరు బస్టాండు, ముఖం తెలిసినవాళ్ళు పదిమంది ఉన్నారు.

"నిజమే" అన్నాడు ఆదినారాయణ. "ఎంత చెప్పినా వినలా."

హుసేనయ్య నవ్వు ఆగిపోయింది. అంతదాకా తనను తాను పిరికివాడని చెప్పుకున్నాడు. ఆ మాట ఆదినారాయణ నోటి నుంచి కూడా వస్తుందని అనుకోలేదు కాబోలు. ప్లాస్టిక్ కవరు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని, "పోయిరా పాపా" అన్నాడు. భార్యను రమ్మని కూడా అనకుండా బస్సుల వైపు నడిచాడు. వెంగమ్మ వెనకే పోయింది.

* * *

కారు ఊరు దాటింది. సుబ్బరత్నమ్మ ఒళ్ళో గుడ్డల పొట్లం పెట్టుకుని కూర్చుంది. కొట్టు గడపలోంచి ఆమె అంతా విన్నది.

"నాన్నా" అంది చైత్ర. "తుఫానని మామకు ఎవరు చెప్పినారు?"

ఆదినారాయణకు ఇంకో అబద్ధం చప్పున తట్టింది. అంత సులువుగా తట్టినందుకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"నేనే" అన్నాడు.

చైత్ర ఏడవలేదు, అరవలేదు. "యేసుబాబన్నా, కారు పక్కకు ఆపు" అంది. కారు ఆగింది.

"ఆయన్ను తీసుకపోదామని అడగను. ఇప్పుడు టికెట్ యాడ దొరుకుతుంది? వెనక్కి పోదాం పద. వాళ్ళంతా నవ్వుతా ఉండారు గదా, వాళ్ళ ముందర చెప్పు. హుసేనయ్య పిరికోడు కాదు, నేనే మాట తప్పినానని చెప్పు. ఆ ఒక్క మాట చెప్పి వచ్చేద్దాం."

ఆదినారాయణ కిటికీలోంచి బయటికి చూశాడు. టీకొట్టు, ఓబులయ్య, ఆ పదిమంది కళ్ళకు కట్టారు. వాళ్ళ ముందు నిలబడి ఆ మాట అనడం ఊహించుకున్నాడు.

"పోయి చెప్పిరాయ్యా" అంది సుబ్బరత్నమ్మ. "వద్దని మొదట అన్నది నేనే. కాదనను. కానీ ఆ మనిషి తనను తాను అట్ల అనుకుంటా ఉంటే నేను వినలేకపోయినా."

యేసుబాబు వెనక్కి తిరగలేదు. "తిప్పమంటారా అయ్యా?" అని మాత్రం అడిగాడు.

"ఫ్లైటుకు టైమవతాది" అన్నాడు ఆదినారాయణ. "ముందుకు పోనీ."

"ఫ్లైటు రేపు గదా నాన్నా" అంది చైత్ర.

యేసుబాబు కారు కదిలించలేదు. కాసేపటికి చైత్ర తలుపు తీసుకుని దిగింది. కారు డిక్కీలోంచి తన సంచి తీసి భుజానికి తగిలించుకుంది.

"మీరిద్దరూ పోయిరాండి. ఆ మాట నేను చెప్పుకుంటా."

"ఏమని చెప్తావే?" అన్నాడు ఆదినారాయణ. అడిగాక గాని తెలియలేదు, తన భయమంతా ఆ ప్రశ్నలోనే బయటపడిందని.

"మా నాన్న అబద్ధం చెప్పినాడని చెప్తా."

ఆమె రోడ్డు దాటి అవతలి పక్కన నిలబడింది. కారు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆత్మకూరు పోయే బస్సు వచ్చి ఆగింది, చైత్ర ఎక్కింది. సుబ్బరత్నమ్మ ఏడుస్తూ ఆ బస్సు కనుమరుగయ్యేదాకా చూసింది. యేసుబాబు ముందు అద్దంలోంచి చూస్తున్నాడేమోనని ఆదినారాయణ తల ఎత్తలేదు.